తప్పెవరిదో తేల్చడంలో డ్యాష్‌క్యామ్ ఎంతవరకు ఉపయోగపడుతుంది? ముందూ వెనకా చూసే కెమెరాపై సమీక్ష

బండి నడుస్తున్నంతసేపూ రోడ్డును రికార్డు చేసే డ్యాష్‌క్యామ్‌ను, ముందు అద్దానికి ఒకటి, వెనక అద్దానికి ఒకటి చొప్పున రెండు కెమెరాలున్నదాన్ని, ఏడాదికి పైగా నా కారులో వాడుతున్నాను. బిగింపు ఖర్చు, మెమొరీ కార్డు కలుపుకొని సుమారు పదకొండు వేల రూపాయలైంది. ఈ ధరలో నాలుగైదు కంపెనీలు దాదాపు ఒకే రకం సరుకు అమ్ముతున్నాయి కాబట్టి కంపెనీ పేరు కన్నా గుణాలు చూసి కొనడమే మేలు; అందుకే ఇక్కడ పేరు రాయడం లేదు. బొమ్మ ఎంత అందంగా వస్తుందన్నది కూడా ఈ సమీక్షలో నాకు ముఖ్యం కాదు. రెండు బండ్లు గుద్దుకున్నప్పుడు తప్పెవరిదో తేల్చడానికి ఈ పరికరం ఎంతవరకు సాయపడుతుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది అన్నదే నేను చూసిన కొలమానం. ఆ లెక్కన చూస్తే వెనక కెమెరా లేని డ్యాష్‌క్యామ్ సగం పరికరమే అన్నది నా అభిప్రాయం. కొన్ని సందర్భాల్లో ముందు కెమెరా ఒక్కటే ఉండటం నిర్దోషికి చేటు కూడా చేస్తుంది.

పరికరం గురించి చెప్పే ముందు, తప్పు ఎలా నిర్ణయమవుతుందో కొంత చెప్పక తప్పదు. మన రోడ్ల మీద ప్రమాదం జరిగిన రెండు నిమిషాల్లో గుమిగూడే జనం దగ్గర రెండు తీర్పులు సిద్ధంగా ఉంటాయి. ఒకటి, పెద్ద బండివాడిదే తప్పు. రెండు, వెనక నుంచి గుద్దినవాడిదే తప్పు. మొదటిదానికి చట్టంలో ఆధారం ఏమీ లేదు. కారు కింద సైకిలు పడిందా, లారీ కింద కారు పడిందా అన్నది చూసి జాలి ఎటు మొగ్గితే తప్పు అటువైపు వెయ్యడమే అది. రెండోదానికి మాత్రం గట్టి ఆధారమే ఉంది. ముందు బండి హఠాత్తుగా ఆగినా గుద్దకుండా నిలపగలిగినంత ఎడం ఉంచుకోవాలని 1989 నాటి రోడ్డు నిబంధనలూ, వాటి స్థానంలో వచ్చిన 2017 మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనలూ చెబుతున్నాయి. 2018లో నిషాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది కూడా ఇదే విషయం. హైవే మీద లారీ వెనక 10, 15 అడుగుల దూరంలో వెళుతున్న కారు, లారీ హఠాత్తుగా బ్రేకు వెయ్యడంతో దాన్ని గుద్దింది. అంత తక్కువ ఎడం చాలదనీ, నిర్లక్ష్యం వెనక ఉన్న కారుదేననీ కోర్టు తేల్చింది.

ఆ ఎడం ఎంత ఉండాలో లెక్క వేసుకుంటే తీర్పు ఎందుకు అలా వచ్చిందో అర్థమవుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. కంటికి కనబడిన ప్రమాదం మెదడుకు ఎక్కి, కాలు బ్రేకు మీదికి వెళ్లడానికి ఒక సెకను పట్టిందనుకుంటే, బ్రేకు పడకముందే 17 మీటర్లు గడిచిపోతాయి. పొడి రోడ్డు మీద మంచి టైర్లతో ఆగడానికి మరో 20 మీటర్లు కావాలి. అంటే దగ్గర దగ్గర 37 మీటర్లు. 80 వేగంలో ఇది 55 మీటర్లు దాటిపోతుంది. ముందు బండికి 15 అడుగుల దూరంలో నడుపుతూ, వాడు సడన్ బ్రేకు వేశాడని వాదించడం ఎంత బలహీనమైన వాదనో ఈ అంకెలే చెబుతాయి. అలాగని ముందువాడికి బాధ్యత లేకపోలేదు. భద్రత కోసం అవసరమైతే తప్ప అకస్మాత్తుగా బ్రేకు వెయ్యకూడదన్న నిబంధన కూడా ఉంది. వెనకవాడిదే తప్పు అన్నది చాలాసార్లు నిజం. ప్రతిసారీ నిజం కాదు. ఏ సందర్భంలో నిజమో ఏ సందర్భంలో కాదో చూపించడానికే కెమెరా కావాలి.

బిగింపు విషయానికి వస్తే, ముందు కెమెరాను వెనక చూసే అద్దం చాటున, డ్రైవరు చూపుకు అడ్డం రాకుండా, ఫాస్టాగ్ స్టిక్కరుకు పక్కగా పెట్టించాను. వెనక కెమెరాను డిక్కీ తలుపు అద్దానికి లోపలి నుంచి అంటించారు. ముందు నుంచి వెనక్కి వెళ్లే తీగను పైకప్పు గుడ్డ లోపలి నుంచి తీసుకెళ్లి, డిక్కీ తలుపు దగ్గర రబ్బరు గొట్టంలోంచి దూర్చాలి. తొందరపడే బిగింపువాళ్లు రబ్బరు గొట్టం జోలికి పోకుండా తీగను తలుపు అంచులోంచి బయటికి లాగేస్తారు. తలుపు వేసిన ప్రతిసారీ అది నలిగి, కొన్ని నెలలకు వెనక కెమెరా మూగబోతుంది. ముందు కెమెరాకు ఉన్నట్టు వెనకదానికి తెర ఉండదు గనుక, అది పనిచెయ్యడం మానేసిన సంగతి చాలామందికి అవసరం పడిన రోజునే తెలుస్తుంది. వెనక అద్దం మీద మంచు తొలగించే గీతల మధ్య ఖాళీలో కెమెరా కన్ను వచ్చేలా చూడాలి, గీత అడ్డం పడితే దృశ్యం మధ్యలో మసక చార వస్తుంది.

ఎండ మన దగ్గర తేలిగ్గా తీసుకోవలసిన విషయం కాదు. మే నెలలో విజయవాడలో మూసి ఉంచిన కారు లోపల, అందులోనూ అద్దానికి ఆనుకుని ఉండే వస్తువుకు తగిలే వేడి బయటి ఉష్ణోగ్రతను చాలా మించిపోతుంది. లిథియం బ్యాటరీ ఉన్న డ్యాష్‌క్యామ్‌లు ఈ వేడికి ఉబ్బిపోవడం మామూలే. బ్యాటరీకి బదులు సూపర్ కెపాసిటర్ ఉన్నది తీసుకోవాలని నేను ముందే అనుకున్నాను, అదే తీసుకున్నాను. రెండు వేసవుల్లో ఇబ్బంది రాలేదు. కెపాసిటర్ చేసే పని ఒక్కటే. గుద్దుడుకు కరెంటు సరఫరా తెగిపోయినా, ఆ చివరి వీడియో ముక్కను కార్డులో భద్రంగా రాసి ముగించేంత శక్తిని నిలవ ఉంచుతుంది. తప్పు నిర్ణయించడానికి కావలసింది ఆ చివరి ముక్కే కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

ఈ పరికరం నా విషయంలో అక్కరకు వచ్చిన సందర్భం విజయవాడలో రామవరప్పాడు రింగ్ దగ్గర జరిగింది. ఎర్ర లైటు పడింది, నా ముందు ఒక స్కూటరు ఆగింది, దాని వెనక నేను ఆగాను. కొద్ది క్షణాల తరువాత వెనక నుంచి సరుకుల ట్రాలీ వచ్చి నా కారును గుద్దింది. ఆ తోపుకు కారు ముందుకు జరిగి స్కూటరుకు తగిలింది. స్కూటరు నడుపుతున్న పెద్దాయన కాళ్లు రెండూ నేల మీద ఉండటం వల్ల పడిపోలేదు, దెబ్బలూ తగలలేదు, కానీ స్కూటరు వెనక లైటూ మడ్‌గార్డూ పగిలాయి. ఆయనకు తెలిసింది ఒక్కటే: తన వెనక ఉన్న కారు తనను గుద్దింది. "ఆగి ఉన్నవాణ్ణి గుద్దారేంటండీ" అని నన్ను నిలదీశారు. ట్రాలీ డ్రైవరు దిగివచ్చి, కారు ముందు స్కూటరును గుద్ది ఆగిందనీ, అలా ఒక్కసారిగా ఆగడం వల్లే తాను గుద్దవలసి వచ్చిందనీ గట్టిగా చెప్పడం మొదలుపెట్టాడు. నిలబడి చూస్తున్నవాళ్లలో ఇద్దరు ముగ్గురు అవునన్నారు. వాళ్లు అబద్ధం చెప్పారని నేను అనుకోను. రెండు చప్పుళ్లు వెంటవెంటనే వినబడ్డాయి, తలతిప్పి చూసేసరికి మూడు బండ్లూ ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. ఏది ముందు, ఏది వెనక అన్నది కంటికి అందే వ్యవధి అక్కడ లేదు.

ముందు కెమెరా వీడియోను విడిగా చూస్తే అది నాకు వ్యతిరేకంగానే కనిపిస్తుంది. ఆగి ఉన్న స్కూటరు, దాని వెనక చక్రం నేలకు ఆనిన చోటు, తెల్లటి స్టాప్ గీత, ఇవన్నీ కదలకుండా కనిపిస్తాయి. ఉన్నట్టుండి దృశ్యం ఎగిరిపడి, స్కూటరు దగ్గరికి వచ్చి తగులుతుంది. బ్రేకు మీంచి కాలు జారిన డ్రైవరు వీడియో కూడా సరిగ్గా ఇలాగే ఉంటుంది. దాన్ని ఒక్కదాన్నే పోలీసులకు చూపించి ఉంటే నా మీద నేనే ఫిర్యాదు ఇచ్చినట్టయ్యేది. వెనక కెమెరా వీడియోలో అసలు సంగతి ఉంది. ట్రాలీ దూరం నుంచి వేగం తగ్గకుండా వస్తోంది, అద్దం వెనక డ్రైవరు తల ఎడమవైపు పక్కసీటు మీదికి వంగి ఉంది, గుద్దడానికి కొద్ది ముందు మాత్రమే తల పైకి లేచింది. రెండు వీడియోల మీదా ఒకే గడియారం నడుస్తుంది కాబట్టి, వెనక దృశ్యంలో ట్రాలీ ముందుభాగం అద్దాన్ని కప్పేసిన క్షణానికి ముందు దృశ్యంలో స్కూటరు ఇంకా కదలలేదని ఫ్రేము పక్కన ఫ్రేము పెట్టి చూపించవచ్చు. సెకనుకు 30 ఫ్రేములు రికార్డయ్యే కెమెరాలో ఈ తేడా స్పష్టంగా కనబడుతుంది. మొదటి తాకిడికీ రెండో తాకిడికీ మధ్య కాలం కంటికి చాలదు, కెమెరాకు చాలుతుంది.

ఇక్కడ గమనించవలసిన మరో విషయం ఉంది. వీడియో అడుగున జీపీఎస్ చూపించే వేగం ఆ సమయంలో సున్నా దగ్గరే నిలిచిపోయింది. కారు ముందుకు జరిగిన మాట నిజమే అయినా, జీపీఎస్ అంకె సెకనుకు ఒకసారి మాత్రమే మారుతుంది గనుక ఆ చిన్న కుదుపు దానికి అందలేదు. ఇలాంటి చోట ఆ అంకెను సాక్ష్యంగా ఎత్తిచూపడం సరికాదు. దానివల్ల ప్రయోజనం మరోచోట ఉంది. గుద్దుడుకు ముందు పది పన్నెండు సెకన్ల పాటు సున్నా కనిపించడం వల్ల, కారు అప్పుడే వచ్చి ఆగలేదనీ, చాలాసేపటి నుంచి నిలిచే ఉందనీ తేలింది. ట్రాలీ డ్రైవరు చెప్పిన "ఒక్కసారిగా ఆగింది" అన్న మాటకు అదే జవాబు.

ట్రాఫిక్ కానిస్టేబుల్ వీడియోను నా ఫోనులో రెండుసార్లు చూశారు. నేను స్కూటరుకు ఎంత ఎడంగా ఆగానో కూడా అడిగారు, అది అడగవలసిన ప్రశ్నే. స్కూటరు వెనక చక్రం నేలకు ఆనిన చోటు డ్రైవరు సీటు నుంచి కనిపించేంత ఎడం ఉండటం సిగ్నలు దగ్గర ఆగే బండికి మంచి కొలత, ఆ సంగతి వీడియోలో కనబడింది. ట్రాలీ యజమాని వచ్చి వీడియో చూశాక వాదన మానేశారు. స్కూటరు మరమ్మతు, నా వెనక బంపరు, డిక్కీ తలుపు ఖర్చు తానే పెట్టుకుంటానని పెద్దమనిషి తరహాగా ఒప్పుకున్నారు, స్టేషనులో కాగితం రాసుకున్నాము. ఎవరికైనా గాయమై ఉంటే ఇలా రాజీతో ముగించుకోవడం కుదిరే పని కాదు, కుదరకూడదు కూడా. గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చడం, 24 గంటల్లోగా పోలీసులకు తెలపడం మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం డ్రైవరు బాధ్యత.

రాజీ కుదరకపోతే ఏమయ్యేదో చెబితే ఈ పదకొండు వేల ఖర్చుకు ఫలితం ఏమిటో తెలుస్తుంది. నా కారు డ్యామేజీకి నా సొంత ఇన్సూరెన్సు కింద క్లెయిమ్ చేస్తే, తప్పెవరిదన్న ప్రశ్నే పెద్దగా రాదు. సమగ్ర పాలసీ ఉంటే తప్పు నాదైనా మరమ్మతు డబ్బు వస్తుంది. మరమ్మతు 50 వేలు దాటితే లైసెన్సు ఉన్న సర్వేయర్ వచ్చి చూస్తారు, ఆయన చూసేది నష్టం ఎంత, పాలసీకి లోబడి ఉందా అన్నదే. అయితే ఏ తప్పూ చెయ్యనివాడి జేబు నుంచి కూడా డబ్బు పోతుంది. 1500 సీసీ లోపు కారుకు వెయ్యి, ఆపైన ఉంటే రెండు వేలు తప్పనిసరి కోత. భాగాల అరుగుదలను మినహాయించకుండా పూర్తి ధర ఇచ్చే జీరో డిప్రిసియేషన్ కవరు లేకపోతే బంపరు లాంటి ప్లాస్టిక్ భాగాల ధరలో సగం మనదే. అన్నిటికన్నా పెద్దది నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చెయ్యని ఏడాదులకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు. 20 శాతంతో మొదలై 25, 35, 45 మీదుగా 50 శాతానికి చేరే ఆ తగ్గింపు, తప్పు ఎదుటివాడిదే అయినా సరే, ఒక్క క్లెయిమ్‌తో సున్నాకు పడిపోతుంది. బోనస్‌ను కాపాడే అదనపు కవరు ప్రత్యేకంగా కొన్నవారికి మాత్రమే మినహాయింపు. ఇది నాకు న్యాయంగా అనిపించదు. ఎదుటి బండి థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు నుంచి ఆస్తి నష్టం రాబట్టుకునే హక్కు ఉన్నా, దానికోసం మోటారు ప్రమాదాల పరిహార ట్రైబ్యునల్‌కు వెళ్లాలి, ఎదుటివాడి నిర్లక్ష్యాన్ని రుజువు చెయ్యాలి. బంపరు కోసం ఏళ్ల తరబడి తిరగలేక చాలామంది సొంత పాలసీలోనే సరిపెట్టుకుని బోనస్ వదులుకుంటారు. వీడియో ఉండటం వల్ల నాకు ఆ బోనస్ మిగిలింది.

మనుషులకు గాయాలైనప్పుడు ప్రశ్న ఇంకా బరువైనది. అక్కడ ట్రైబ్యునల్ తప్పును ఒకరి మీదే వేసి ఊరుకోదు, పంచుతుంది. గాయపడిన వ్యక్తి తప్పు కూడా కొంత ఉందని తేలితే, ఉదాహరణకు పరిహారం పది లక్షలనీ ఆయన తప్పు ఐదో వంతనీ నిర్ణయిస్తే, రెండు లక్షలు తగ్గించి ఎనిమిది లక్షలే ఇస్తుంది. గాయపడినది ఆటోలో కూర్చున్న ప్రయాణికుడై, ఆటో, బస్సు రెండిటి తప్పూ ఉంటే లెక్క వేరు. ప్రయాణికుడి తప్పేమీ లేదు కాబట్టి అతడు మొత్తం పరిహారాన్ని రెంటిలో ఎవరి దగ్గరి నుంచైనా రాబట్టుకోవచ్చనీ, వాటాల సంగతి తరువాత వాళ్లూ వాళ్లూ తేల్చుకోవాలనీ 2015లో ఖేన్యేయి కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. పైగా ట్రైబ్యునల్‌లో క్రిమినల్ కేసులో లాగా సందేహానికి తావులేకుండా రుజువు చెయ్యనక్కర్లేదు, ఏది జరిగి ఉండటానికి ఎక్కువ అవకాశముందో చూపిస్తే చాలు. అసలు తప్పెవరిదన్న ప్రశ్నే లేకుండా, మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు ఇచ్చే మోటారు వాహనాల చట్టం 164వ సెక్షన్ కూడా ఉంది, కానీ దాన్ని ఎంచుకుంటే నష్టం అంతకన్నా ఎంత ఎక్కువైనా ఆ మొత్తమే. అందుకే చాలా కుటుంబాలు నిర్లక్ష్యం రుజువు చేసే 166వ సెక్షన్ కిందకే వెళతాయి. అలాంటి కుటుంబానికి స్పష్టమైన వీడియో దొరకడం ఎంత ఆసరాయో వేరే చెప్పనక్కర్లేదు. దారిన పోతున్న నా కారు కెమెరాలో వేరొకరి ప్రమాదం పడితే, దాన్ని పోలీసులకు ఇవ్వడం పౌరుడిగా నా పని అని నేను అనుకుంటాను.

ఇక పరికరానికి చేతకానివి. మొదటిది, పక్క నుంచి వచ్చే బండి. సిగ్నలు లేని కూడలిలో పెద్ద రోడ్డు మీద వెళ్లేవాడికి ప్రాధాన్యం; రెండూ సమానమైన రోడ్లయితే కుడివైపు నుంచి వచ్చేవాడికి దారి ఇవ్వాలి. మన కాలనీల్లో ప్రమాదాలు ఎక్కువగా ఇలాంటి చోటనే జరుగుతాయి. వెడల్పు కన్ను ఉన్న కెమెరా అయినా సరే, పక్క వీధిలోంచి దూసుకొచ్చే బైకును అది దాదాపు తగిలే క్షణంలోనే చూపిస్తుంది. అతడు ఎంత దూరం నుంచి ఎంత వేగంగా వచ్చాడో, హారను కొట్టాడో లేదో అందులో ఉండదు. హారను శబ్దం మైకులో పడవచ్చు గనుక నేను మైకు ఆపను. కారులో మాట్లాడుకునే మాటలన్నీ కూడా అందులో పడతాయని ఎక్కినవాళ్లకు ముందే చెబుతాను.

రెండోది, దూరాల విషయంలో కలిగే భ్రమ. వెడల్పు కన్ను దగ్గరి వస్తువులను కూడా దూరంగా చూపిస్తుంది. వీడియో చూసేవాళ్లకు "అంత దూరంలో కనబడుతుంటే ఎందుకు ఆపలేకపోయాడు" అనిపిస్తుంది. ఇది డ్రైవరుకు అన్యాయం చేసే విషయం. దీనికి విరుగుడు ఉంది. ప్రమాద స్థలంలో వీడియోలో కనబడే రెండు గుర్తుల మధ్య, కరెంటు స్తంభాలు గానీ రోడ్డు మీది తెల్లగీతలు గానీ, టేపు పెట్టి దూరం కొలిచి, ఆ దూరాన్ని దాటడానికి బండికి ఎన్ని ఫ్రేములు పట్టిందో లెక్కపెడితే వేగం తేలుతుంది. 60 కిలోమీటర్ల వేగంలో కారు ఒక ఫ్రేముకు అరమీటరుకు కాస్త ఎక్కువ జరుగుతుంది. ఈ లెక్కకు టైర్ల రాపిడి గుర్తులు, పోలీసులు పంచనామాలో గీసే స్కెచ్చి, బ్రేకులు సరిగా ఉన్నాయో లేదో చూసి మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు ఇచ్చే నివేదిక తోడైతేనే పూర్తి బొమ్మ వస్తుంది. వీడియో ఉంది కదా అని మిగతావాటిని వదిలెయ్యకూడదు. బండ్లు పక్కకు తీసే ముందు నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీసి పెట్టుకోవడం మరచిపోకూడదు.

మూడోది రాత్రి పూట నంబరు ప్లేటు. పగలు ముందు బండి నంబరు బాగానే చదవగలం. రాత్రి మన హెడ్‌లైటు వెలుగు హైసెక్యూరిటీ ప్లేటు మీద పడి తిరిగి కొట్టడంతో ప్లేటు తెల్లటి ముద్దలా కనిపిస్తుంది. 4కె అని పెట్టె మీద రాసి ఉన్నా ఈ చిక్కు పోదు. గుద్ది ఆగకుండా పారిపోయే బండి విషయంలో నేను ఆచరించే ఉపాయం సులువైనది: నంబరు కనబడగానే గట్టిగా పైకి చదువుతాను, అది మైకులో రికార్డవుతుంది. ఎల్ఈడీ సిగ్నలు లైట్లు వీడియోలో మిణుకుమిణుకుమనడం కూడా ఇబ్బందే. ఏదో ఒక ఫ్రేమును ఆపి చూస్తే ఏ లైటూ వెలగనట్టు ఉంటుంది. సెట్టింగులలో ఫ్రీక్వెన్సీని మన కరెంటుకు తగినట్టు 50 హెర్ట్‌జ్‌కు మార్చాక చాలావరకు తగ్గింది. సిగ్నలు ఎరుపా ఆకుపచ్చా అన్నదే తగవైనప్పుడు ఒక ఫ్రేము కాకుండా వీడియో మొత్తం చూపించాలి.

కార్డు నిండగానే పాత వీడియోలు చెరిగి కొత్తవి పడతాయి. 64 జీబీ కార్డులో రెండు కెమెరాలకూ కలిపి ఐదారు గంటల వీడియో పడుతుంది, అంటే విజయవాడ నుంచి హైదరాబాదు చేరేసరికి బయల్దేరినప్పటిది చెరిగిపోయే స్థితికి వస్తుంది. గట్టి కుదుపు తగిలితే ఆ ముక్క దానంతటదే చెరగని ఫోల్డరులోకి వెళుతుంది, కానీ బైకు హ్యాండిలు రాసుకుపోవడం లాంటి మెల్లని తాకిడిని సెన్సారు గుర్తించదు. అలాగని సెన్సారును మరీ సున్నితంగా పెడితే ప్రతి స్పీడు బ్రేకరూ, ప్రతి గుంతా ప్రమాదంగా నమోదై ఆ ఫోల్డరు నిండిపోతుంది. మధ్యస్థంగా పెట్టి, అనుమానం వచ్చిన ప్రతిసారీ లాక్ బటను నొక్కడమే పద్ధతి. ఎక్కువసార్లు చెరిపి రాయడాన్ని తట్టుకునే హై ఎండ్యూరెన్స్ రకం కార్డు, అదీ 128 జీబీది వెయ్యండి. మామూలు ఫోను కార్డు వేస్తే కొన్నాళ్లకు అది చప్పుడు లేకుండా పాడైపోతుంది.

కోర్టుకు వెళ్లే అవకాశమున్న వీడియోను ఎలా దాచాలన్నది అమ్మేవాళ్లు చెప్పరు. ప్రమాదం జరిగాక కార్డు తీసి పక్కన పెట్టి, వేరే కార్డు వెయ్యాలి. వాట్సాప్‌లో పంపిన కాపీ కుదించబడి నాణ్యత పోగొట్టుకుంటుంది, అది చూపించుకోవడానికే తప్ప సాక్ష్యానికి కాదు. ఎలక్ట్రానిక్ రికార్డు కాపీని సాక్ష్యంగా ఇచ్చేటప్పుడు దానికి ధ్రువపత్రం తప్పనిసరి అని 2020లో అర్జున్ పండిత్‌రావ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఆ పత్రంలో ఫైలు హ్యాష్ విలువ, అంటే ఫైలులోని సమాచారం నుంచి కంప్యూటరు లెక్కకట్టే గుర్తింపు కోడు, కూడా రాయాలి. ఫైలులో ఏ కొంచెం మార్పు జరిగినా ఆ విలువ మారిపోతుంది కాబట్టి, ఎక్కడా కత్తిరించకుండా అసలు ఫైలునే ఉంచాలి. గాయాలున్న కేసుల్లో పోలీసులు 48 గంటల్లో మొదటి ప్రమాద నివేదిక, 90 రోజుల్లో సవివర నివేదిక ట్రైబ్యునల్‌కు ఇవ్వాలని 2022 నుంచి నిబంధన ఉంది, కనుక వీడియోను దర్యాప్తు అధికారికి వెంటనే ఇచ్చి, ఇచ్చినట్టు రసీదు తీసుకోవాలి. కెమెరా తేదీ, సమయం సరిగా ఉన్నాయో లేదో అప్పుడప్పుడూ చూడండి. జీపీఎస్ ద్వారా సమయం దిద్దుకునే కెమెరాలో మన ప్రాంతాన్ని ప్లస్ ఐదున్నర గంటలుగా పెట్టకపోతే మధ్యాహ్నపు ప్రమాదం పొద్దుట జరిగినట్టు నమోదవుతుంది, ఎదుటి వకీలుకు అంతకన్నా కావలసింది ఉండదు.

తక్కిన హంగుల గురించి చెప్పవలసింది తక్కువే. లేను దాటుతున్నారని హెచ్చరించే గొంతు మన రోడ్ల మీద ఊపిరాడనివ్వదు, మొదటి వారమే ఆపేశాను. ఫోను యాప్ వైఫై ద్వారా వీడియోను నెమ్మదిగా దించుతుంది, కార్డును కంప్యూటరుకు పెట్టుకోవడమే సుఖం. పార్కింగ్‌లో ఉన్నప్పుడు కూడా రికార్డు కావాలంటే ఫ్యూజు పెట్టె నుంచి వేరే తీగ వేయించాలి, కారు బ్యాటరీ వోల్టేజి తగ్గగానే దానంతటదే ఆగిపోయే కిట్ అయితేనే వేయించండి.

వెనక కెమెరాకు అదనంగా పడే రెండు మూడు వేలు మిగుల్చుకుందామనుకుంటే 4కె ముందు కెమెరాను వదులుకుని, 1080 నాణ్యత ఉన్న జంట కెమెరాలు కొనుక్కోవచ్చు. వెనకదాన్ని మాత్రం వదులుకోవద్దు. దుకాణంలో డబ్బు చెల్లించే ముందు డిక్కీ తలుపును పదిసార్లు తెరిచి మూసి, ఆ తరువాత వెనక కెమెరా వీడియోను ఫోనులో పెట్టించుకుని చూడండి. చీకటి పడ్డాక వెళ్లగలిగితే మరీ మంచిది, వెనక వచ్చే బండి హెడ్‌లైట్ల వెలుగులో ఆ బండి ఆకారం కనబడుతోందా, లేక రెండు తెల్లటి మచ్చలే కనబడుతున్నాయా అన్నది అక్కడికక్కడే తెలిసిపోతుంది.